విమానాశ్రయం సంక్షోభంలో పడినప్పుడు పోటీ ఎయిర్‌లైన్స్ అన్నిటికీ న్యాయం చేయడం ఎలా? సమగ్ర మార్గదర్శి

రన్‌వే మీద మంచు పేరుకుపోవచ్చు. కరెంటు సబ్‌స్టేషన్ కాలిపోవచ్చు. చెక్-ఇన్ సర్వర్లు పడిపోవచ్చు. ఇంధనం తెచ్చే పైప్‌లైన్ పగలొచ్చు. కారణం ఏదైనా చివరికి విమానాశ్రయం ముందు నిలిచే ప్రశ్న ఒకటే: నిన్నటిదాకా గంటకు 40 విమానాలు దిగిన చోట ఇవాళ 20 మాత్రమే దిగగలిగితే, ఆ 20 ఎవరివి? ఒక సంస్థకు ఇచ్చిన ప్రతి అవకాశం ఇంకో సంస్థ చేతిలోంచి తీసుకున్నదే. ఆ రెండూ రోజూ ఒకే ప్రయాణికుడి కోసం పోటీపడే సంస్థలు.

ఆపరేషన్స్ కంట్రోల్ సెంటర్‌లో కూర్చునే డ్యూటీ మేనేజర్లు, స్లాట్లను (విమానం దిగడానికో ఎగరడానికో కేటాయించిన సమయాలను) పంచే కోఆర్డినేటర్లు, ఆ విమానాశ్రయంలో ఎయిర్‌లైన్ల పని చూసే స్టేషన్ మేనేజర్లు, ఈ రంగంలోకి రావాలనుకునే విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను. న్యాయం అంటే అందరికీ సమానంగా కోత పెట్టడమేనని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అది సగమే. ఉన్నది ఉన్నట్టు చెప్పిన ఎయిర్‌లైన్ దానివల్ల నష్టపోకూడదు. ఈ ఒక్క పరీక్షలో నెగ్గని పద్ధతి, కాగితం మీద ఎంత సమానంగా కనిపించినా, రెండో గంటకే కూలిపోతుంది. ఎందుకో మూడో అడుగులో వివరంగా చెబుతాను.

1. ఏది పంచాలో, ఏది పంచకూడదో ముందే విడదీయండి

భద్రత పంపకాల్లోకి రాదు. మేడే (ప్రాణాపాయంలో ఉన్నామన్న సంకేతం) ప్రకటించిన విమానం, ప్రాణాపాయంలో ఉన్న రోగి ఉన్న విమానం, ఇంజిన్ చెడిపోయిన విమానం ఏ సంస్థవైనా ముందు దిగుతాయి. ఆ నిర్ణయం ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ (ఏటీసీ)ది. విమానాశ్రయ యాజమాన్యం అందులో వేలు పెట్టకూడదు. ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. పైలట్ "మినిమమ్ ఫ్యూయల్" అని చెబితే, ఇక ఆలస్యాన్ని తట్టుకునే ఇంధనం లేదని ఏటీసీకి తెలియజేసినట్టు. అంతమాత్రాన వరుస దాటే హక్కు రాదు. "మేడే ఫ్యూయల్" అంటేనే అత్యవసరం. ఈ తేడా తెలియకపోతే, వేరే సంస్థ విమానం ముందు దిగిందని గొడవపడే స్టేషన్ మేనేజర్‌కు మీరు సరైన జవాబు చెప్పలేరు.

మిగతావన్నీ పంచాల్సినవే. రన్‌వే సమయం అందరికీ గుర్తొస్తుంది. పార్కింగ్ స్టాండ్లు, గేట్లు, ఏరోబ్రిడ్జిలు, ఇంధనం, చెక్-ఇన్ కౌంటర్లు, సామాన్ల బెల్టులు, బస్సులు, సామాను దించడం, ఎక్కించడం లాంటి నేల మీది పనులు చేసే గ్రౌండ్ హ్యాండ్లింగ్ సిబ్బంది, రాత్రి కర్ఫ్యూ సడలింపులు కూడా ఆ జాబితాలో రాసుకోండి. చివర్లో ఇంకొకటి చేర్చండి: సమాచారం. రన్‌వే ఎప్పుడు తెరుస్తారో పది నిమిషాలు ముందు తెలిసిన సంస్థ సిబ్బందిని, విమానాన్ని సిద్ధం చేసుకుని ముందు వరుసలో నిలబడుతుంది.

చట్టం వైపు నుంచి పునాది పాతదే. అంతర్జాతీయ విమానయానం మీద దేశాలు చేసుకున్న 1944 నాటి షికాగో ఒప్పందంలోని 15వ అధికరణం ప్రకారం, ఒక దేశం తన సొంత విమానాలకు తెరిచి ఉంచిన విమానాశ్రయాన్ని ఇతర సభ్య దేశాల విమానాలకూ అవే షరతులతో తెరిచి ఉంచాలి. అసాధారణ పరిస్థితుల్లో గగనతలాన్ని తాత్కాలికంగా మూసే హక్కు 9వ అధికరణం ఇస్తుంది. అయితే ఆ ఆంక్షల్లో ఏ దేశపు విమానమన్న తేడా ఉండకూడదు. మీ విమానాశ్రయం సంక్షోభ ప్రణాళికలో మొదటి పేజీ మీద ఈ రెండూ ఉండాలి.

2. పంపకం సూత్రం మామూలు రోజున రాయండి

సంక్షోభం మధ్యలో సూత్రం తయారు చేయడం మొదలుపెడితే, ప్రతి సంస్థా ఆ క్షణంలో తనకు లాభించే సూత్రాన్నే న్యాయం అంటుంది. పెద్ద సంస్థ ప్రయాణికుల సంఖ్య చూడమంటుంది. చిన్న సంస్థ విమానాల సంఖ్య చూడమంటుంది. దూరప్రాంతాల సంస్థ తన ప్రయాణికులకు వేరే దారి లేదంటుంది. అందరి మాటలోనూ నిజం ఉంటుంది. అందుకే చిక్కు.

2022 వేసవిలో లండన్ హీత్రో విమానాశ్రయం అనుభవం దీనికి మంచి ఉదాహరణ. కోవిడ్ తర్వాత ప్రయాణికులు ఒక్కసారిగా తిరిగొచ్చారు, సిబ్బంది సరిపోలేదు. జూలై 12న ఆ విమానాశ్రయం బయలుదేరే ప్రయాణికుల సంఖ్యను రోజుకు లక్షకు పరిమితం చేస్తామని ప్రకటించింది. దుబాయ్ ఎయిర్‌లైన్ ఎమిరేట్స్ మొదట బహిరంగంగానే ఒప్పుకోలేదు. కొద్ది రోజుల్లోనే రెండు పక్షాలూ మాట్లాడుకుని ఒక అంగీకారానికి వచ్చాయి. పరిమితి పెట్టడం తప్పో ఒప్పో పక్కన పెడదాం. అలాంటి పరిమితి ఎలా అమలవుతుందో సీజన్ మొదలవకముందే అందరికీ తెలిసి ఉంటే, పత్రికల్లో వాదులాట జరిగేది కాదు.

సూత్రం రాయడానికి నేను సిఫారసు చేసే పద్ధతి ఇది. పోయిన సీజన్‌లో రద్దీగా ఉన్న ఒక రోజు షెడ్యూల్ తీసుకోండి. ఎయిర్‌లైన్ల పేర్లు తీసేసి నంబర్లు వేయండి. మూడు నాలుగు పంపకం సూత్రాలను దాని మీద నడిపి, ఫలితాలను అందరి ముందూ పెట్టండి. తన నంబర్ ఏదో పెద్ద సంస్థ ఊహించగలదు, నిజమే. అయినా చర్చ "మాకెంత" నుంచి "ఏ పద్ధతి మేలు" వైపు జరుగుతుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. గంటకు 40 విమానాల చోట 20కే వీలుంది. మొదటి సంస్థకు 24, రెండోదానికి 10, మూడోదానికి 4, నాలుగో, ఐదో సంస్థలకు ఒక్కొక్కటి. దామాషా ప్రకారం సగానికి కోస్తే 12, 5, 2 వస్తాయి. చివరి రెండిటికీ అర చొప్పున వస్తుంది. అర విమానం ఉండదు కాబట్టి, నాలుగో సంస్థకు ఒకటి ఇచ్చి, ఐదో సంస్థ విమానాన్ని రద్దు చేయిస్తారు. లెక్క సరిపోయింది.

న్యాయం మాత్రం సరిపోలేదు. మొదటి సంస్థ తక్కువమంది ఉన్న రెండు విమానాల ప్రయాణికులను ఒకే విమానంలోకి మార్చగలదు. ఐదో సంస్థకు రోజుకు ఉన్నది ఆ ఒక్క విమానమే. అది పోతే నష్టం సగం కాదు, మొత్తం. దాని ప్రయాణికులు రేపటిదాకా ఆగాలి. వారానికి మూడు సార్లే నడిచే విమానమైతే ఇంకా ఎక్కువ. అందుకని దామాషాకు ఒక నియమం జోడించండి: ప్రతి సంస్థకూ రోజులో కనీసం ఒక రాకపోక భద్రం. ఆ భారాన్ని ఎక్కువ విమానాలు ఉన్న సంస్థలు దామాషాలో పంచుకుంటాయి. పెద్ద సంస్థకు ఇది రోజు మొత్తంలో ఒకటి రెండు విమానాల తేడా. చిన్న సంస్థకు అదే సర్వస్వం.

పెద్ద సంస్థ వాదనను కూడా కొట్టిపారేయకండి. దాని ప్రయాణికుల్లో చాలామంది అక్కడ దిగి మరో విమానం ఎక్కాల్సినవాళ్లు. ఒక్క విమానం ఆలస్యమైతే ఇరవై ఊళ్లకు వెళ్లాల్సినవాళ్లు చిక్కుకుపోతారు. దీనికి జవాబు కోటా పెంచడం కాదు, కోటా లోపల స్వేచ్ఛ ఇవ్వడం. 12 స్లాట్లు మీవి, వాటిలో ఏ 12 విమానాలు నడపాలో మీరే నిర్ణయించుకోండి అని వదిలేయండి. ఏ విమానంలో కనెక్షన్లు ఎక్కువో, ఏ పైలట్ డ్యూటీ గంటలు అయిపోతున్నాయో విమానాశ్రయానికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

3. నిజం చెప్పిన సంస్థకు శిక్ష పడకుండా చూడండి

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

అమెరికాలో ఒక విమానాశ్రయం సామర్థ్యం పడిపోతే, అక్కడికి రావాల్సిన విమానాలను బయలుదేరే చోటే ఆపుతారు. దాన్ని గ్రౌండ్ డిలే ప్రోగ్రామ్ అంటారు. 1990లలో ఒక దశ వరకు ఆ ఆలస్యాల లెక్క, ఎయిర్‌లైన్లు పంపే తాజా అంచనా సమయాల మీద ఆధారపడేది. చూడటానికి అంతకంటే సబబైన పద్ధతి లేదనిపిస్తుంది. జరిగింది వేరు. ఒక సంస్థ తన విమానంలో సాంకేతిక లోపం ఉందని, గంట ఆలస్యమవుతుందని నిజాయితీగా చెబితే, ఆ గంట తర్వాతి సమయం నుంచి లెక్క మొదలుపెట్టి దాని మీద ఇంకో ఆలస్యం పడేది. ఒక విమానాన్ని రద్దు చేశామని ముందే చెబితే ఆ ఖాళీ పోటీదారుకు వెళ్లేది, చెప్పిన సంస్థకు ఏమీ మిగిలేది కాదు. అంటే నిజం చెప్పడం రెండు రకాలుగా నష్టం. సహజంగానే సంస్థలు చెప్పడం మానేశాయి. రాని విమానాల కోసం స్లాట్లు ఎదురుచూశాయి. అసలే తగ్గిన సామర్థ్యంలో కొంత ఎవరికీ కాకుండా పోయింది.

1990ల చివరలో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ (ఎఫ్ఏఏ), ఎయిర్‌లైన్లు కలిసి దీన్ని మార్చాయి. కొత్త పద్ధతిలో స్లాట్లను మొదట ప్రచురించిన షెడ్యూల్ ప్రకారం పంచుతారు. తర్వాత మీరు ఏ ఆలస్యం ప్రకటించినా, ఏ విమానం రద్దు చేసినా ఆ స్లాట్ మీదే. అందులో మీ ఇంకో విమానాన్ని పెట్టుకోవచ్చు. మీ విమానాలేవీ ఆ సమయానికి రాలేకపోతేనే అది వేరే సంస్థకు వెళ్తుంది, బదులుగా మీకు తర్వాతి స్లాట్ వస్తుంది.

ఆ జరపడం ఎలాగో చూడండి. మూడు నిమిషాలకొక స్లాట్ చొప్పున 10:00 పెద్ద సంస్థది, 10:03 ఒక చిన్న సంస్థది, 10:06 మరో సంస్థది, 10:09 మళ్లీ పెద్ద సంస్థది. పెద్ద సంస్థ తన 10:00 విమానాన్ని రద్దు చేసింది. దాని రెండో విమానం ఎంత తొందరపడినా 10:05కు ముందు రాలేదు. మిగతా ఇద్దరూ మూడేసి నిమిషాలు ముందు రాగలరు. అప్పుడు చిన్న సంస్థ 10:00కు, మరో సంస్థ 10:03కు జరుగుతాయి. ఖాళీ అయిన 10:06 రద్దు చెప్పిన పెద్ద సంస్థ రెండో విమానానికి దక్కుతుంది. ముగ్గురూ మూడు నిమిషాలు బాగుపడ్డారు. 10:09 ఖాళీ అయ్యి వెనక ఉన్నవాళ్లకు అందింది. ముఖ్యమైన సంగతేమిటంటే, రద్దు సంగతి ముందే చెప్పిన సంస్థ చేతికి ప్రతిఫలం వచ్చింది.

మీ దగ్గర ఇంత పెద్ద కంప్యూటర్ వ్యవస్థ లేకపోయినా ఈ ఆలోచనను కాగితం మీద అమలు చేయవచ్చు. మూడు నియమాలు చాలు. కోటా లెక్క ఎప్పుడూ సంక్షోభానికి ముందున్న షెడ్యూల్ మీదే. రద్దు చెప్పిన సంస్థకు ఆ స్లాట్‌ను తన ఇంకో విమానానికి వాడుకునే మొదటి హక్కు. ముందుగా చెప్పకుండా స్లాట్ వృథా చేస్తే, తర్వాతి విడతలో ఆ సంస్థ కోటా నుంచి ఒకటి తగ్గింపు. మూడోదాన్ని కఠినంగా పాటించండి. కానీ సంస్థ చేతుల్లో లేని కారణానికి ఆ శిక్ష వేయకండి.

ఇదే పరీక్షను ఇతర వనరులకూ పెట్టండి. ఇంధనం ఎంత కావాలో అడిగి, అడిగినదాన్ని బట్టి కోస్తే అందరూ రెట్టింపు అడుగుతారు. "మా విమానంలో అత్యవసర ప్రయాణికులు ఉన్నారు" అంటే ముందుకు జరుపుతామని చెబితే, ప్రతి విమానంలోనూ అత్యవసర ప్రయాణికులు పుట్టుకొస్తారు. సరిచూడలేని మాట ఆధారంగా ఏదీ పంచకండి.

4. మినహాయింపులు తక్కువ, కారణాలు రాతపూర్వకంగా

మానవతా కారణాలు ఉంటాయి: మార్పిడి కోసం తీసుకెళ్తున్న అవయవం, సహాయక బృందాలు, మందులు. వీటిని సూత్రంలోనే రాసి, మినహాయింపు ఇచ్చే అధికారం ఒక్క పదవికే అప్పగించండి. ఫోన్‌లో వచ్చిన సిఫారసు ఎంత పెద్ద మనిషిదైనా, అది లాగ్‌లోకి (నిర్ణయాలన్నీ నమోదు చేసే పట్టికలోకి) ఎక్కకుండా అమలు కాకూడదు.

కంటికి కనిపించని మినహాయింపు ఒకటి ఉంది. గాలిలో ఉన్న విమానాన్ని బయలుదేరే చోటే ఆపలేం. కాబట్టి అప్పటికే బయలుదేరిన దూరప్రాంత విమానాలు కోత నుంచి తప్పించుకుంటాయి. ఆలస్యమంతా ఇంకా నేల మీద ఉన్న దగ్గరి విమానాల మీద పడుతుంది. ఒక్కరోజుకైతే ఇది తప్పదు. సంక్షోభం మూడు నాలుగు రోజులు సాగితే మాత్రం, దగ్గరి రూట్ల సంస్థ రోజూ తన వాటా కంటే ఎక్కువ మోస్తూనే ఉంటుంది. అందుకే మొదటి రోజు నుంచే ఒక ఖాతా పుస్తకం పెట్టండి: ఏ సంస్థ తన దామాషా కంటే ఎన్ని విమానాలు ఎక్కువ వదులుకుంది, ఎవరు తక్కువ వదులుకున్నారు. మర్నాటి పంపకంలో ఆ బాకీని సర్దండి.

5. సమాచారం అందరికీ ఒకే క్షణంలో వెళ్లాలి

పెద్ద సంస్థ మనిషి కంట్రోల్ సెంటర్‌లోనే కూర్చుని ఉంటాడు. వరండాలో మాట్లాడుకున్నది కూడా అతని చెవిన పడుతుంది. చిన్న విదేశీ సంస్థకు అక్కడ సొంత ఉద్యోగే ఉండకపోవచ్చు. విమానం వెళ్లిపోయాక దాని పని చూసే హ్యాండ్లింగ్ ఏజెంట్ ఇంటికెళ్లిపోతాడు. ప్రధాన కార్యాలయం ఉన్న దేశంలో అప్పుడు అర్ధరాత్రి. పక్షపాతం చూపాలని ఎవరూ అనుకోరు. అయినా తెల్లారేసరికి ఒకరికి అన్నీ తెలిసి ఉంటాయి, ఇంకొకరికి ఏమీ తెలియదు.

కాబట్టి ప్రతి సంస్థ నుంచి స్థానిక మేనేజర్ నంబర్‌తో పాటు, 24 గంటలూ నడిచే వాళ్ల ఆపరేషన్స్ కంట్రోల్ సెంటర్ నంబర్ కూడా తీసుకోండి. మూడు నెలలకోసారి ఆ నంబర్లకు నిజంగానే ఫోన్ చేసి చూడండి. సంక్షోభంలో అందరికీ కలిపి ఒకే కాన్ఫరెన్స్ కాల్, నిర్ణీత సమయాలకు. మధ్యలో ఏదైనా మారితే ఒకే సందేశం, ఒకే సమయంలో, అందరికీ. ఎవరైనా విడిగా ఫోన్ చేసి "ఎప్పుడు తెరుస్తారు?" అని అడిగితే, ఆఖరి ఉమ్మడి సందేశంలో ఉన్నంతవరకే చెప్పాలి. ఆ టెన్షన్‌లో పాత స్నేహితుడికి నాలుగు మాటలు ఎక్కువ చెప్పాలనిపించడం సహజం. అందుకే దీన్ని మంచితనానికి వదిలేయకుండా నియమంగా రాయాలి.

6. రన్‌వే కాకుండా మిగతా వనరులు

స్టాండ్లు, గేట్లు: ఇక్కడ ప్రమాణం సంస్థ పేరు కాదు, లోపల కూర్చున్న మనుషులు ఎంతసేపటి నుంచి కూర్చున్నారన్నది. అమెరికాలో దేశీయ విమానాల్లో 3 గంటలు, అంతర్జాతీయ విమానాల్లో 4 గంటలు దాటకుండా ప్రయాణికులకు దిగే అవకాశం ఇవ్వాలన్న నిబంధన ఉంది. మీ దగ్గర అలాంటి చట్టం లేకపోయినా దిగిన సమయాన్ని బట్టి గేట్ ఇచ్చే వరుస పెట్టుకోండి. ఒప్పందం ప్రకారం ఒక సంస్థకే కేటాయించిన గేట్లను సంక్షోభంలో ఉమ్మడి చేసుకునే హక్కు లీజు పత్రంలోనే ఉండాలి. అది లేకపోతే, ఖాళీ గేట్ ముందు వేరే సంస్థ విమానం నిండా మనుషులతో నిలబడి ఉంటుంది, మీరు ఏమీ చేయలేరు.

ఇంధనం: సెప్టెంబర్ 2017లో న్యూజిలాండ్‌లో రిఫైనరీ నుంచి ఆక్లాండ్‌కు వచ్చే పైప్‌లైన్ దెబ్బతింది. ఎయిర్‌లైన్లకు మామూలుగా వాడేదానిలో 30 శాతమే అందింది. అందరికీ ఒకే శాతం, దానికి ప్రాతిపదిక వాళ్ల మామూలు వాడకం. అడిగినదాన్ని బట్టి ఇవ్వలేదు కాబట్టి ఎక్కువ అడిగి లాభం లేదు. కొన్ని దూరప్రాంత విమానాలు దారిలో వేరే చోట ఆగి ఇంధనం నింపుకున్నాయి. నేను దీనికి ఒకటి చేరుస్తాను. దగ్గరి ఊళ్ల నుంచి వచ్చే విమానం తిరుగు ప్రయాణానికి సరిపడా ఇంధనం వెంట తెచ్చుకోగలదు. పద్నాలుగు గంటలు ఎగిరి వచ్చిన విమానం తెచ్చుకోలేదు. అందుకని తెచ్చుకోగలిగిన సంస్థ తన వాటాను వదిలితే దాన్ని ఖాతా పుస్తకంలో జమగా రాసి, తర్వాత స్టాండ్లలోనో స్లాట్లలోనో తిరిగి ఇవ్వండి. ఊరికే వదలమంటే ఎవరూ వదలరు.

కంప్యూటర్లు: 2025 సెప్టెంబర్‌లో కాలిన్స్ ఏరోస్పేస్ కంపెనీ చెక్-ఇన్ వ్యవస్థ మీద సైబర్ దాడి జరిగినప్పుడు హీత్రో, బ్రస్సెల్స్, బెర్లిన్ విమానాశ్రయాలు ఇబ్బంది పడ్డాయి. బయలుదేరే విమానాల్లో సగం రద్దు చేయమని బ్రస్సెల్స్ ఒక దశలో ఎయిర్‌లైన్లను కోరింది. ఇలాంటి దాడిలో దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. సొంత వ్యవస్థ ఉన్న సంస్థ పని సాగిపోతుంది. ఉమ్మడి వ్యవస్థ మీదే ఆధారపడ్డ సంస్థ బోర్డింగ్ పాసులు చేత్తో రాస్తుంది. అందరికీ సమానంగా కౌంటర్లు ఇవ్వడం ఇక్కడ న్యాయం కాదు. చేత్తో రాసేవాళ్లకు ఎక్కువ కౌంటర్లు, ఎక్కువ మనుషులు కావాలి.

హ్యాండ్లింగ్ సిబ్బంది: చాలా చోట్ల గ్రౌండ్ హ్యాండ్లింగ్ కంపెనీ ఒక పెద్ద ఎయిర్‌లైన్ అనుబంధ సంస్థే అయి ఉంటుంది. అదే కంపెనీ పోటీ సంస్థల విమానాలకూ పని చేస్తుంది. సిబ్బంది సగమే వచ్చిన రోజు ఎవరి సామాను ముందు దించుతారో ఊహించడం కష్టం కాదు. లైసెన్స్ ఇచ్చేటప్పుడే, కొరత ఉంటే విమానాశ్రయం ఇచ్చిన వరుస ప్రకారమే పని చేయాలన్న షరతు పెట్టండి. ఆ రోజు ర్యాంప్ మీద (విమానాలు నిలిపే చోట) మీ మనిషి ఒకరు నిలబడి వరుస గమనించాలి.

రుసుములు: కదల్లేక నిలిచిపోయిన విమానాలకు పార్కింగ్ రుసుము మాఫీ చేస్తే అందరికీ ఒకే తేదీ నుంచి, ఒకే ప్రాతిపదిక మీద చేయాలి.

7. పోటీదారులను ఒకే గదిలో కూర్చోబెట్టేటప్పుడు

"మీరు ఆ రూట్ ఆపండి, మేం ఈ రూట్ ఆపుతాం" అని రెండు ఎయిర్‌లైన్లు మాట్లాడుకుంటే, చాలా దేశాల్లో అది పోటీ చట్టం కింద నేరుగా సమస్యే. సంక్షోభం అన్న కారణం వాళ్లను దానంతటదే కాపాడదు. ఉమ్మడి సమావేశంలో పరిస్థితి, సామర్థ్యం, సూత్రం మాత్రమే చర్చకు రావాలి. ఏ సంస్థ ఏ విమానం రద్దు చేస్తుందన్నది ఆ సంస్థ విడిగా మీకు చెప్పాలి. టికెట్ ధరల మాట ఎత్తితే చర్చ ఆపేయండి. 2004లో షికాగో ఓహేర్ విమానాశ్రయంలో రద్దీ తట్టుకోలేని స్థాయికి చేరినప్పుడు, విమానాల తగ్గింపు గురించి ఎయిర్‌లైన్లతో మాట్లాడే బాధ్యత ఎఫ్ఏఏ తీసుకుంది. ఎయిర్‌లైన్లు తమలో తాము తేల్చుకోలేదు. ప్రభుత్వ సంస్థ పిలిచి, నియమాల ప్రకారం నడిపింది. న్యాయ సలహాదారు ఆ గదిలో ఉండటం ఖర్చు అనుకోకండి.

8. వదులుకున్న స్లాట్ హక్కుగా మిగలాలి

రద్దీ విమానాశ్రయాల్లో ఒక సీజన్‌లో తనకిచ్చిన స్లాట్లలో కనీసం 80 శాతం వాడిన సంస్థకే వచ్చే ఏడాది అదే సీజన్‌లో అవి దక్కుతాయి. కోవిడ్ వచ్చినప్పుడు ఈ నియమం వల్ల ఖాళీ విమానాలు నడపాల్సిన పరిస్థితి ఏర్పడింది. 2020 మార్చిలో ఐరోపా సమాఖ్య దాన్ని నిలిపివేసింది, తర్వాత తక్కువ శాతాలతో దశలవారీగా తిరిగి తెచ్చింది. మీ సంక్షోభం మూడు రోజులదే అయినా ఈ సంగతి గుర్తుంచుకోండి. విమానాశ్రయం కోరిక మీద రద్దు చేసిన ప్రతి విమానాన్నీ వాడినట్టే లెక్కించాలని స్లాట్ కోఆర్డినేటర్‌తో అదే రోజు రాతపూర్వకంగా ఖాయం చేసుకోండి. ఆ కాగితం చేతికి వస్తేనే సంస్థలు ధైర్యంగా రద్దు చేస్తాయి.

9. లాగ్, అప్పీలు

ప్రతి నిర్ణయానికి ఒక వరుస రాయండి: సమయం, ఏం నిర్ణయించారు, ఏ నియమం ప్రకారం, ఎవరు అడిగారు, ఎవరి మీద ప్రభావం పడింది. ఐదు గడులే. అంతకంటే పెంచితే ఆ హడావిడిలో ఎవరూ నింపరు. ఈ లాగ్ అన్ని సంస్థలకూ రోజులో రెండుసార్లు కనిపించాలి. తన పోటీదారుకు ఎందుకు ముందు అవకాశం వచ్చిందో కారణంతో సహా చూసిన సంస్థ, ఒప్పుకోకపోయినా సహకరిస్తుంది. ఏమీ చూపించకపోతే మాత్రం అనుమానమే మిగులుతుంది.

అప్పీలుకు ఒక మనిషిని ముందే నియమించండి. ఆ మనిషి పంపకం చేసే బృందంలో ఉండకూడదు. అప్పీలు వల్ల అప్పటికే ఇచ్చిన స్లాట్ ఆగకూడదు, ఆగితే అందరూ ఆగిపోతారు. అప్పీలు సరైనదని తేలితే పరిహారం తర్వాతి విడతలో, ఖాతా పుస్తకం ద్వారా. విమానాశ్రయం యజమానికే ఒక ఎయిర్‌లైన్‌లో వాటా ఉంటే, లేదా రెండూ ప్రభుత్వానివే అయితే, ఈ మనిషి బయటి నుంచి రావడం తప్పనిసరి.

10. తిరిగి తెరిచే గంట

ఎక్కువ అన్యాయం మూసినప్పుడు కాదు, తెరిచినప్పుడు జరుగుతుంది. 2025 మార్చి 21న, ముందు రాత్రి సబ్‌స్టేషన్‌లో జరిగిన అగ్నిప్రమాదం వల్ల హీత్రో రోజులో ఎక్కువ భాగం మూతపడి సాయంత్రం కొన్ని విమానాలతో మొదలైంది. ఆ రాత్రి విమానాల మీద ఉండే ఆంక్షలను తాత్కాలికంగా సడలించారు. అలాంటి గంటలో విమానం, సిబ్బంది అక్కడే ఉన్న స్థానిక సంస్థ వెంటనే సిద్ధంగా ఉంటుంది. విమానాలు వేరే ఊళ్లకు మళ్లిపోయిన సంస్థకు వాటిని వెనక్కి తెచ్చుకోవడానికే గంటలు పడుతుంది. సిద్ధంగా ఉన్నవాళ్లను ఆపడం అర్థం లేని పని, ఖాళీ రన్‌వే ఎవరికీ ఉపయోగపడదు. కానీ మొదటి గంటల్లో వాళ్లు తమ దామాషాకు మించి వాడుకున్నది ఖాతాలో రాయండి. మళ్లిపోయిన విమానాలు తిరిగి రావడానికి స్లాట్లు, స్టాండ్లు విడిగా తీసి ఉంచండి. రాత్రి కర్ఫ్యూ సడలిస్తే ఆ అదనపు గంటల్లో మొదటి వాటా ఆ మళ్లిపోయిన విమానాలదే.

11. ఖాతా ముగింపు, మళ్లీ సాధన

సంక్షోభం ముగిశాక వారం లోపల ఖాతా పుస్తకాన్ని అన్ని సంస్థలకూ పంపండి. మిగిలిన బాకీలను ఎప్పటిలోగా తీరుస్తారో తేదీ రాయండి. సమీక్ష సమావేశంలో మొదట మాట్లాడే అవకాశం అతి తక్కువ విమానాలు ఉన్న సంస్థకు ఇవ్వండి. పెద్ద సంస్థ మాట్లాడాక తాము మాట్లాడాల్సి వస్తే చిన్నవాళ్లు చాలాసార్లు తలూపి ఊరుకుంటారు.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) ప్రమాణాల ప్రకారం విమానాశ్రయాలు రెండేళ్లకు (విడతలవారీ పరీక్షలు జరిపితే మూడేళ్లకు) మించకుండా పూర్తిస్థాయి అత్యవసర విన్యాసం జరపాలి. అందులో ఫైరింజన్లు, అంబులెన్సులు పరీక్షకు వస్తాయి. పంపకం సూత్రాన్ని ఎవరూ పరీక్షించరు. దానికోసం విడిగా ఒక పూట కేటాయించండి. బల్ల చుట్టూ అన్ని సంస్థల వాళ్లను కూర్చోబెట్టి, సామర్థ్యం సగమైందని ప్రకటించి, పాత షెడ్యూల్ మీద సూత్రాన్ని నడపండి. పెద్ద సంస్థ ప్రతినిధిని ఆ పూటకు చిన్న సంస్థ కుర్చీలో, చిన్న సంస్థ ప్రతినిధిని పెద్ద సంస్థ కుర్చీలో కూర్చోబెట్టండి. వాళ్లు ఎక్కడ అభ్యంతరం చెబుతారో రాసుకుని, వచ్చే సీజన్ మొదలయ్యేలోగా సూత్రాన్ని ఆ చోట్ల సవరించి అందరి సంతకాలు తీసుకోండి.